ఒక సహాయక క్రియ నేర్పిన పాఠం

నేను తెలుగు బోధించేవాడినైనా, క్రియను గురించిన తొలి గుణపాఠం నాకు ఆంగ్లం నుండే లభించింది. ఇంటర్మీడియట్ చదివే రోజులలో అబ్బాజాన్ కన్నుమూశారు. ఉపకారవేతనం కోసం దరఖాస్తు రాస్తూ, "మై ఫాదర్ హ్యాజ్ వర్క్‌డ్ యాజ్ ఎ టైలర్" అని రాశాను. మా ఆంగ్లోపన్యాసకులు "హ్యాజ్"ను ఎర్రసిరాతో కొట్టివేసి, "ఆ మాట ఉంటే మీ నాన్నగారు జీవించి ఉన్నట్లే అర్థం" అన్నారు. ఆనాడు ఆ వ్యాకరణం నాకు నిర్దయగా తోచింది.

తరువాత ఆలోచించగా విషయం బోధపడింది. తెలుగులో సాధారణంగా "పనిచేశారు" అన్న ఒక్క రూపమే రెండర్థాలకూ చాలుతుంది. ఆంగ్లంలో "వర్క్‌డ్" ముగిసిన కాలాన్ని, "హ్యాజ్ వర్క్‌డ్" వర్తమానంతో తెగని సంబంధాన్ని సూచిస్తాయి. కనుకనే "యెస్టర్‌డే" సరసన "హ్యావ్ సీన్" పొసగదు. ఉర్దూలోనూ "ఆయా", "ఆయా హై", "ఆయా థా" అనే భేదమున్నది. "కల్" అంటే నిన్నయో రేపో తేల్చవలసినది క్రియయే. మన "వస్తాడు" నిత్యకృత్యానికీ, రేపటికీ వర్తిస్తుంది. ఆంగ్లం వాటిని "కమ్స్", "విల్ కమ్" అని విడదీస్తుంది.

విద్యార్థి మిత్రులారా! కాలరూపాలను పట్టికలుగా వల్లించకండి. జరిగిన పని ఇప్పటికీ మనలను అంటి ఉన్నదా, ముగిసిపోయినదా అని ప్రశ్నించుకోండి.

నాకు ఉర్దూ అక్షరాలు దిద్దించినది అబ్బాజానే. ఆ సంగతి ఆంగ్లంలో "హి టాట్ మీ" అనే రాయాలి. కాని "ఐ హ్యావ్ లర్న్‌డ్ ఫ్రమ్ హిమ్" అని నిస్సంకోచంగా రాయవచ్చు. అక్కడ కర్తను నేను. నేనింకా జీవించే ఉన్నాను.