ఒకే మనిషి, నాలుగు స్కోర్లు

ఇల్లు కట్టుకోవడానికి ఇరవై లక్షలు కావాలని ప్రొద్దుటూరులో రెండు చోట్ల అడిగాను. ఒక బ్యాంకు నా స్కోరు 768 అంది. అదే వారంలో ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ 709 అంది, వడ్డీ 9 శాతం చెప్పింది. 750 దాటి ఉంటే ఎనిమిదిన్నరకే ఇచ్చేవాళ్లమని కూడా చెప్పింది. బ్యాంకు పద్నాలుగు లక్షలకు మించి ఇవ్వనంది, కంపెనీ అడిగినంతా ఇస్తానంది. కాబట్టి నాకు పని పడింది ఆ 709తోనే.

లెక్క వేసి చూస్తే ఎనిమిదిన్నర శాతానికి ఇరవై ఏళ్ల కంతు నెలకు 17,356 రూపాయలు. తొమ్మిదికైతే 17,995. నెలకు ఆరు వందల చిల్లరే కదా అనిపిస్తుంది. 240 నెలలకు కూడితే లక్షా యాభై మూడు వేలు దాటుతుంది. అంత డబ్బు పోతుంటే, ఆ రెండు అంకెలకు తేడా ఎందుకొచ్చిందో తెలుసుకోకుండా సంతకం పెట్టబుద్ధి కాలేదు.

మనవైపు ఏ అంగట్లో కూర్చున్నా "నీ సిబిల్ ఎంతుండాదన్నా?" అనే అడుగుతారు. సిబిల్ ఒక కంపెనీ మాత్రమే. 2000లో పెట్టారు, ఇప్పుడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్ అంటున్నారు. 2005లో వచ్చిన క్రెడిట్ సమాచార సంస్థల చట్టం కింద రిజర్వు బ్యాంకు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్‌లకు కూడా అనుమతి ఇచ్చింది. బ్యూరోలనే ఈ నాలుగు సంస్థలూ స్కోరు 300 నుంచి 900 మధ్యే ఇస్తాయి. కానీ ఆలస్యానికి ఎంత కోత, పాత ఖాతాకు ఎంత విలువ, కొత్తగా అప్పు అడిగితే ఎంత తగ్గింపు అన్న లెక్క ఎవరిది వాళ్లదే. అందుకే సమాచారం అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయినా పది, ఇరవై పాయింట్ల తేడా మామూలు. దానికి ఎవరినీ తప్పు పట్టలేం.

దాదాపు అరవై పాయింట్ల తేడా ఉంటే మాత్రం సమాచారమే వేరై ఉంటుందని అనుమానించాలి. అప్పిచ్చే సంస్థలన్నీ నాలుగు బ్యూరోలలోనూ చేరాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది 2015లో. అంతకు ముందు నాటి ఖాతా ఒక బ్యూరోలో ఉండి ఇంకోదాంట్లో లేకపోవచ్చు. వివరాలు పంపే వ్యవధి కూడా చాలాకాలం నెలకోసారే. 2025 జనవరి నుంచి పదిహేను రోజులకోసారి పంపాలన్నారు. నిన్న తీర్చిన అప్పు ఈరోజు రిపోర్టులో కనబడలేదని గాబరా పడనక్కర్లేదు. మూడు నెలలైనా కనబడకపోతే ఊరుకోకూడదు.

2017 నుంచి ప్రతి బ్యూరో ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తెప్పించి వరసగా పరిచాను. మనది మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. తగ్గేది అప్పు కోసం సంస్థలు చూసినప్పుడు, అదీ తక్కువ రోజుల్లో నాలుగైదు చోట్ల అడిగినప్పుడు. రిపోర్టులో స్కోరు ఒక్క అంకె. మిగతా పేజీలన్నీ ఒక్కో అప్పుకు నెలనెలా వేసిన గళ్లు. ప్రతి గడిలో కంతు ఎన్ని రోజులు ఆలస్యమైందో ఉంటుంది. చదవాల్సింది ఆ గళ్లను.

పులివెందుల దగ్గర మా చీనీ తోట మీద గ్రామీణ బ్యాంకు పంటరుణం ఉంది. 1976లో పుట్టిన రాయలసీమ గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో, అది 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయాయి. బ్యాంకు పేరు మారినప్పుడు ఒకే అప్పు రెండు పేర్లతో రెండుసార్లు పడిందేమో చూసుకోవాలి. నాది నాలుగింట్లోనూ ఒక్కసారే ఉంది. ఏటా గడువులోపల కట్టి తిరగరాయించుకున్నట్టు కూడా ఉంది.

బామ్మర్ది ట్రాక్టరు లోనుకు నేను హామీ సంతకం పెట్టాను. అదీ నాలుగింట్లోనూ ఉంది, అతను ఆలస్యం చేసిన రెండు కంతులతో సహా. ఫోన్ చేసి చెబితే "కంతు నాది, స్కోరు నీదా బావా?" అని నవ్వాడు. హామీదారు పేరు మీద కూడా ఆ అప్పు నమోదవుతుందని అతనికి తెలియదు. ఉన్నది నిజమే కాబట్టి దాన్ని తీసెయ్యమని అడగడానికి లేదు. కంతు తేదీకి రెండు రోజుల ముందే అతని ఖాతాలో డబ్బుండేలా చూడటం ఒక్కటే మార్గం. ఇప్పుడు ఆ తేదీ నా ఫోన్‌లో కూడా ఉంది.

అసలు తేడా మూడోది. జమ్మలమడుగులో ఒక ఫైనాన్స్ సంస్థ దగ్గర మా ఆవిడ నగలు కుదువ పెట్టి నా పేరున తీసుకున్న అప్పు ఎప్పుడో తీర్చేశాం, నగలు ఇంటికొచ్చాయి. మూడు బ్యూరోలలో ఆ ఖాతా ముగిసినట్టే ఉంది. నాలుగోదాంట్లో ఇంకా నడుస్తోంది, పైగా బాకీ పడ్డట్టు గళ్లలో రోజులు పెరుగుతున్నాయి. కంపెనీ చూసింది ఆ నాలుగోదాన్నే.

ముట్టినట్టు రసీదు, బాకీ లేదన్న పత్రం జతచేసి ఆ బ్యూరోకూ, అప్పిచ్చిన సంస్థకూ ఒకేరోజు ఫిర్యాదు పంపాను. 30 రోజుల్లో తేల్చాలి. అందులో 21 రోజులు అప్పిచ్చిన సంస్థ సరిచేసి పంపడానికి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. నాకు అంతదూరం అవసరం రాలేదు. ఆ నెలంతా ఇంకెక్కడా లోను అడగలేదు. సరిదిద్దాక స్కోరు 752 అయింది. 768 కాలేదు, కానక్కర్లేదు కూడా. అడిగిన డబ్బు ఎనిమిదిన్నర శాతానికి వచ్చింది.

ఈ రిపోర్టులకు ఎక్కనిది మన ఊళ్లలో చాలా ఉంది. ప్రొద్దుటూరు బజారులో మాట మీద లక్షల సరుకు చేతులు మారుతుంది. చేబదులు, ఇంటి చీటీలు, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి ఏ బ్యూరోకూ తెలియవు. ముప్పై ఏళ్లు చీటీ తప్పకుండా కట్టినవాడికి సిబిల్‌లో స్కోరు బదులు మైనస్ ఒకటి ఉండొచ్చు. అంటే చెడ్డవాడని కాదు, చరిత్ర లేదని. మొదటిసారి అప్పడిగేవాళ్లను చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని 2025లో కేంద్రం పార్లమెంటులో చెప్పింది. అలాంటివాళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఒక క్రెడిట్ కార్డు తీసుకుని తేదీకి కడుతూ పోతే చరిత్ర మొదలవుతుంది.

ఆడవాళ్ల గ్రూపు అప్పులు మాత్రం అలా దాగవు. 2010 అక్టోబరులో మన రాష్ట్రం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చాక వసూళ్లు కుప్పకూలాయి. మరుసటి ఏడాదే ఈ గ్రూపు అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థలు బ్యూరోలో చేరి తీరాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. గ్రూపులో ఉన్న అక్కచెల్లెళ్లు ఇంటిలోనుకు వెళ్లేముందు క్రిఫ్ హైమార్క్ రిపోర్టు తప్పకుండా చూసుకోవాలి. మైక్రోఫైనాన్స్ వివరాలతోనే అది పేరు తెచ్చుకుంది.

నాలుగు ఉచిత రిపోర్టులనూ ఇప్పుడు ఒకేసారి తెప్పించడం లేదు. ఉగాదికి ఒకటి, శ్రావణంలో ఒకటి, దసరాకు ఒకటి, సంక్రాంతికి ఒకటి. ఏడాది పొడుగునా ఎవరో ఒకరి లెక్క నా కళ్ల ముందు ఉంటుంది, పైసా ఖర్చు లేదు. లోనుకు వెళితే వడ్డీ ఎంతని అడిగేముందు మేనేజరును రెండు మాటలు అడుగుతాను: ఏ బ్యూరో చూస్తారు, ఎంత దాటితే రేటు తగ్గిస్తారు? జవాబు విన్నాకే దరఖాస్తు మీద సంతకం పెడతాను.