పేరులేని గులకరాళ్ళు



మన గ్రామ సంఘములలో మందిరము కట్టడము ఒక ఎత్తు, కట్టిన తరువాత గోడమీద ఎవరి పేర్లు చెక్కించాలన్నది మరొక ఎత్తు. 2019లో మా సంఘములో ఈ మాట లేచింది. వేలకు వేలు ఇచ్చినవారి పేర్లతో వాకిలి ప్రక్కన పాలరాతి పలక పెట్టించాలని కొందరు పెద్దలు అన్నారు. ఇసుక మోసినవారు, కూలి మానుకొని గోడలు తడిపినవారు నోరు తెరచి ఏమీ అనలేదు గాని రెండు ఆదివారములు ఆరాధనకు రాలేదు. సండే స్కూలు నడిపే మేమిద్దరము, భార్యాభర్తలము, ఆ చీలిక పెరుగకూడదని కన్నీటితో ప్రార్థించాము.

ఆ సంవత్సరమే అక్టోబరులో, పౌలు సువార్త ప్రకటించిన స్థలములను చూపే ఒక యాత్రాబృందముతో గ్రీసు దేశము వెళ్ళే కృపను దేవుడు మాకిచ్చాడు. పిల్లలచేత మందిరపు గోడకు ఏదైనా చిత్రము చేయించాలన్న తలంపు అప్పటికే మాకున్నది. ఆ తలంపుతోనే ప్రతి చోటును చూశాము.

మొదట ఫిలిప్పీ. ఊరి గవిని వెలుపల చిన్న ఏరు, గట్టున చెట్ల నీడ. ఇటువంటి ఒడ్డుననే పౌలు కూడివచ్చిన స్త్రీలతో కూర్చుండి మాట్లాడాడు. ఊదారంగు అమ్మే లూదియ హృదయమును ప్రభువు తెరచాడు. అక్కడ అప్పటికి మందిరము లేదు, గోడ లేదు, పలక లేదు. నీళ్ళు, చెట్టు, ప్రార్థించే కొందరు స్త్రీలు. ఫిలిప్పీ సంఘము అలా మొదలైనది.

తరువాత థెస్సలొనీకకు సుమారు నలభై కిలోమీటర్ల దూరములోనున్న పెల్లా చూశాము. అలెగ్జాండరు చక్రవర్తి పుట్టిన పట్టణమది. అక్కడి పాత ఇండ్ల నేలలను చూచి కదలలేకపోయాము. క్రీస్తుకు సుమారు 300 సంవత్సరముల ముందటివి. ఒకచోట లేడి వేట, ఒకచోట సింహపు వేట. రంగు పూసినవి కావు. తెల్లవి, నల్లవి, పసుపువి, ఎర్రటివి గులకరాళ్ళు ఏరి, తడి గచ్చులో ఒక్కొక్కటిగా పొదిగారు. రాతికి ఉలి తగలలేదు. సృష్టికర్త ఇచ్చిన రంగే రంగు. ఏ రాయి ఎక్కడ ఉండాలో అక్కడ ఉన్నందువలననే లేడి లేడిలా కనబడుతున్నది. ఆ లేడి వేట పైభాగమున గ్నోసిస్ అనే పనివాని పేరున్నది. రాళ్ళు ఏరి మోసినవారి పేర్లు లేవు. అయినా వారు తెచ్చిన రాళ్ళు లేకుండా చిత్రమే లేదు.

చివరకు కొరింథు. నాటకశాల దగ్గర రాళ్ళు పరచిన బాటమీద ఏడంగుళముల ఎత్తు లాటిను అక్షరములు. 1929లో త్రవ్వకములలో బయటపడినవి. ఎరస్తు అనే అధికారి తనకు దొరికిన పదవికి బదులుగా సొంత ఖర్చుతో ఈ బాట వేయించాడని వాటి భావము. రోమా పత్రిక చివర కనబడే ఎరస్తు ఇతడేనని కొందరు పండితులు అంటారు, కొందరు ఒప్పుకొనరు. ఆ గాడులలో పోసిన కంచు దాదాపు అంతా ఊడిపోయినది. సొంత ధనముతో బాట వేయించడము మంచి పనియే. కాని శరీరములో అల్పముగా కనిపించే అవయవము లేకుండా శరీరము సాగదని పౌలు వ్రాసినది ఈ ఊరి సంఘమునకే గదా! అప్పుడే మా గోడకు ఏమి కావాలో మాకు తెలిసింది.

తిరిగివచ్చి సంఘ కాపరిగారితోను పెద్దలతోను మాట్లాడాము. పలకకు వదిలిన చోట ఫిలిప్పీ ఏటి చిత్రము. ప్రతి ఇంటివారు మన వాగులోనుండి గుప్పెడు గులకరాళ్ళు తేవాలి. ఎవరి పేరూ వద్దు.

"గోడమీద బొమ్మంటే విగ్రహము కాదా మాస్టారూ?" అని ఒక పెద్దాయన అడిగారు.

"మనిషి రూపము గాని, దేవుని రూపము గాని ఉండదు పెద్దయ్యగారూ. ఏరు, చెట్టు, అంతే" అన్నాము. ఆయన చాలాసేపు ఆలోచించి, మర్నాడు మొదటి గుప్పెడు తానే తెచ్చారు.

పిల్లలు రాళ్ళు కడిగి, గోనెపట్టాలమీద రంగులవారీగా పోశారు. తాపీమేస్త్రి చెప్పినట్టు జానెడు జానెడు మేర సిమెంటు పూసి, ఆరకముందే రాళ్ళు అద్దించాము. ఆరాధనకు రానివారు తట్టలతో వచ్చారు. వేలు ఇచ్చినవారును తెచ్చారు. క్రిస్మసు నాటికి పని అయినది. ఇప్పుడు ఏ రాయి ఎవరిదో చెప్పగలవారు లేరు.

ఒక్క కుటుంబము మాత్రము రాలేదు. ఏటి ఒడ్డున, చెట్టు మొదట, వారి గుప్పెడు రాళ్ళకు చోటు విడిచాము. నేటికీ అది వట్టి సిమెంటుగానే ఉన్నది. పూడ్చేద్దామని ఎవరైనా అంటే, పిల్లలు ఒప్పుకొనరు. ప్రియ చదువరీ, మీ సంఘములోను అటువంటి చోటు ఒకటి ఉన్నదేమో చూడండి. మీ ప్రార్థనలో మా సంఘమును, ఆ కుటుంబమును జ్ఞాపకము చేసికొనండి.

దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.