హంస, రాజాళి, డేగ – మా పిల్లల విశాఖ యాత్రకు సన్నాహాలు



మా పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతులలో తెలుగు చదువుతున్న ఇరవైయేడుగురు విద్యార్థులను వచ్చే జనవరి నెలాఖరులో విశాఖపట్నం తీసుకొని వెళ్ళాలని సంకల్పించాను. అక్కడి సముద్రతీరాన నిలిపిన టీయూ-142 విమానాన్ని చూపించడం ఈ యాత్రకు ముఖ్యోద్దేశం. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో పనిచేస్తున్న మిత్రులెవరైనా ఇటువంటి యాత్ర తలపెడితే ఉపకరిస్తుందని నా సన్నాహాలను ఇక్కడ వివరిస్తున్నాను. ఆ సన్నాహాలలో నాకు ఎదురైన రెండు ప్రశ్నలను కూడ దాచకుండా మీ ముందుంచుతున్నాను.

మొదటి ప్రశ్న

తల్లిదండ్రుల సమావేశంలో విషయం చెప్పగానే ఒక తండ్రి లేచి, "అయ్యోరూ, విమానం చూపించల్లంటే బెంగుళూరు పక్కనే ఉంది కదా! అంత దూరం ఎందుకు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. బెంగుళూరు మాకు నలభై కిలోమీటర్లు. అక్కడ హెచ్.ఏ.ఎల్. సంస్థవారి విమాన ప్రదర్శనశాల 2001 నుండి ఉన్నది. ఉదయం బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. విశాఖ తొమ్మిదివందల కిలోమీటర్ల పైమాటే.

అంతేకాదు, మా పిల్లలకు విమానం కొత్త వస్తువూ కాదు. తళి రోడ్డులో బెళగొండపల్లి దగ్గర తనేజా సంస్థవారి విమానాశ్రయం ఉన్నది. బెంగుళూరులోని జాతీయ పరిశోధనాలయం రూపొందించిన 'హంస' అనే చిన్న శిక్షణ విమానాలను అక్కడ తయారుచేశారు. 2024 జూన్ నెలలో తమిళనాడు ప్రభుత్వం హోసూరులో రెండువేల ఎకరాలలో అంతర్జాతీయ విమానాశ్రయం నిర్మిస్తామని శాసనసభలో ప్రకటించింది. మరి విశాఖే ఎందుకు?

ఆ విమానం కథ

టీయూ-142 సోవియట్ యూనియన్‌లో తయారైన విమానం. సముద్రగర్భంలో పొంచి ఉండే జలాంతర్గాములను వెదకి పట్టుకోవడం దాని పని. మన నౌకాదళం 1988లో ఇటువంటి ఎనిమిది విమానాలను సమకూర్చుకొన్నది. రెక్కల ఈ కొస నుండి ఆ కొసకు సుమారు 50 మీటర్లు, ముక్కు నుండి తోక వరకు సుమారు 53 మీటర్లు. నాలుగు ఇంజన్లు. ఒక్కొక్క ఇంజనుకు ఒకదాని వెనుక ఒకటిగా రెండు పంఖాలు ఉంటాయి. ఒకటి సవ్యదిశలో తిరిగితే రెండవది అపసవ్యదిశలో తిరుగుతుంది. మొదటి పంఖా గాలిని మెలిపెట్టి వెనుకకు నెట్టితే, రెండవది ఆ మెలికను సరిచేసి మరికొంత తోపుడు రాబడుతుంది. ప్రదక్షిణం తెలిసిన పిల్లలకు ఈ సవ్యాపసవ్యాలను తెలుగులో చెప్పడం ఎంత సులభమో మీరే ఆలోచించండి.

నీటి అడుగున ఉన్న వస్తువును ఆకాశం నుండి ఎలా కనిపెడతారు? పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఇది. విమానం నుండి గొట్టాల వంటి పరికరాలను సముద్రంలోకి జారవిడుస్తారు. అవి నీటిపై తేలుతూ, లోపలికి వ్రేలాడే చెవి వంటి భాగంతో నీటిలోని శబ్దాలను విని, ఆ శబ్దాలను రేడియో ద్వారా విమానానికి పంపుతాయి. లోపలి మనుషులు గంటల తరబడి చెవులు రిక్కించి, అలల రొదలో ఇంజను శబ్దమేదో వేరుచేసి గుర్తించాలి.

ఈ విమానాలు మొదట గోవాలోని ఐ.ఎన్.ఎస్. హంస స్థావరంలో ఉండేవి. 1992లో అరక్కోణంలోని ఐ.ఎన్.ఎస్. రాజాళికి మారాయి. అరక్కోణం అంటే మన కృష్ణగిరి నుండి ఒక పూట ప్రయాణం. అక్కడినుండే పాతికేళ్ళు ఎగిరి, 2017 మార్చి 29న సేవనుండి విరమించాయి. ఆ తరువాత వాటిలో ఒకటి విశాఖలోని ఐ.ఎన్.ఎస్. డేగకు ఎగిరి వచ్చింది. దానిని భాగాలుగా విడదీసి, రోడ్డు మీదుగా తీరానికి చేర్చి, మరల కూర్చి నిలబెట్టారు. 2017 డిసెంబరు 7న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఆ ప్రదర్శనశాలను ప్రారంభించారు.

ఇందులో మూడు పేర్లను గమనించండి. హంస, రాజాళి, డేగ. మన నౌకాదళం తన విమాన స్థావరాలకు పక్షుల పేర్లు పెట్టింది. హంస సంస్కృతపదం, రాజాళి తమిళులు వేటపక్షిని పిలిచే పేరు, డేగ మన తెలుగుమాట. రామనాథపురం జిల్లాలోని స్థావరం పేరు 'పరుందు', అనగా తమిళంలో గద్ద. తమిళనాట తెలుగు చదివే పిల్లవానికి ఇంతకంటె చక్కని పాఠం నాకు పాఠ్యపుస్తకంలో దొరకలేదు. తమిళ పక్షి గూటినుండి లేచి తెలుగు పక్షి గూటిలో వాలిన విమానం మా పిల్లలకు పరాయిది కాదు. నేను విశాఖను ఎన్నుకొనడానికి ఇది ఒక కారణం.

రెండవ ప్రశ్న

ఇదంతా సమావేశంలో చెప్పాను. చెప్పి, "పిల్లలు తెలుగును తరగతి గదిలోనే చూస్తున్నారు. వీధిలో, రైలుస్టేషనులో, టిక్కెట్టు మీద, అంగడి పలక మీద బ్రతికి ఉన్న తెలుగును ఒక్కసారి చూడాలి" అన్నాను. అప్పుడు అదే తండ్రి మెల్లగా, "మీ అబ్బాయి తెలుగులో చదివినాడా అయ్యోరూ?" అని అడిగారు.

లేదు. నా కుమారుని ఇంగ్లీషు మాధ్యమంలో చేర్చాను. నేడు అతడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. తెలుగు చక్కగా మాట్లాడతాడు, చదవలేడు. నాకు పంపే సందేశాలలో తెలుగుమాటలను ఇంగ్లీషు అక్షరాలతో వ్రాస్తాడు. ఇతరుల పిల్లలకు ముప్పై ఏండ్లుగా గుణింతాలు దిద్దించిన నేను, నా బిడ్డకు సాయంత్రం అరగంట కేటాయించలేదు. భవిష్యత్తు గురించి భయపడ్డాను. ఆనాడు నాకు కలిగిన భయమే ఈనాడు ఆ తండ్రికీ కలుగుతున్నది. ఆయనను ఆక్షేపించే అర్హత నాకు లేదు. సమావేశంలో ఈ మాటనే చెప్పాను. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఆయనే, "సరే, మావాణ్ణి పిల్చుకొని పోండి" అన్నారు.

మిత్రులారా, మన పరిస్థితి మీకు తెలియనిది కాదు. 1956లో భాషాప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఆ సంవత్సరమే రాజ్యాంగంలో చేర్చిన 350-ఏ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధన కల్పించాలని చెబుతున్నది. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి నుండి ఏటేటా ఒక్కొక్క తరగతికి నిర్బంధం చేస్తూ వచ్చి, 2015-16లో పదవ తరగతికి చేరింది. అల్పసంఖ్యాక విద్యార్థులు కొన్ని సంవత్సరాలు న్యాయస్థానాల మినహాయింపుతో పరీక్షలు వ్రాశారు. తమిళం నేర్వవలసిందే, అది మనం బ్రతుకుతున్న నేల భాష. కాని చట్టాలు, తీర్పులు మాత్రమే తెలుగును నిలుపలేవు. ఇంటిలోని మాటకు బడిలోని అక్షరం తోడుకావాలి.

యాత్రా ప్రణాళిక

ఇక ఆచరణలోని విషయాలు. మీకు ఉపకరించునని వరుసగా వ్రాస్తున్నాను.

1. కాలం. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం కనుక ఆ రోజులలో వెళ్ళాలని మొదట అనుకొన్నాను. కాని అప్పుడు తీరమంతా జనసమ్మర్దం. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల భయం కూడ ఉన్నది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను ఎంతగా దెబ్బతీసినదో మనకు తెలుసు. సంక్రాంతి రద్దీ తగ్గిన పిమ్మట, జనవరి నెలాఖరు అనుకూలం.

2. ప్రయాణం. బస్సులో బెంగుళూరు చేరి, అక్కడినుండి భువనేశ్వర్ వెళ్ళే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాము. హిందూపురం రాగానే స్టేషను పలకల మీద తెలుగు మొదలవుతుంది. పెనుకొండ, ధర్మవరం, గుంతకల్లు, నంద్యాల, గుంటూరు, విజయవాడ, రాజమహేంద్రవరం. ప్రతి విద్యార్థి చేతిలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. చదివిన ప్రతి పలకనూ అందులో వ్రాయాలి. రాత్రి నిద్రలో దాటిపోయిన ఊళ్ళను తిరుగు ప్రయాణంలో పూరించాలి. గోదావరి వంతెన రాకముందే అందరినీ లేపే బాధ్యత నాది.

3. అనుమతులు. రాష్ట్రం దాటి వెళ్ళే యాత్ర కనుక ప్రధానోపాధ్యాయుల ద్వారా జిల్లా విద్యాధికారులకు ముందుగానే విజ్ఞప్తి పంపాలి. రైల్వేవారి విద్యార్థి రాయితీకి దరఖాస్తు కూడ దానితోపాటే సిద్ధం చేసుకొనడం మంచిది. బాలికలున్నారు గనుక ఇద్దరు ఉపాధ్యాయినులు తప్పక తోడు రావాలి.

4. చూడవలసినవి. విమానానికి ఎదురుగా, రోడ్డుకు ఆవలివైపు ఇసుకలో ఐ.ఎన్.ఎస్. కుర్సుర జలాంతర్గామి ఉన్నది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో ప్రదర్శనశాల అయినది. వెదికే విమానము, దాగే నౌక ఎదురెదురుగా ఉండడం వలన ఒకదానితో మరొకటి బాగా అర్థమవుతుంది. కుర్సురను చూచిన తరువాతనే విమానం ఎక్కించాలని నా ఉద్దేశం. సోమవారం సాధారణంగా సెలవు. మిగిలిన దినాలలో వేళలను ముందుగా విచారించుకోవాలి.

సమీపంలోనే 1971 యుద్ధవిజయానికి గుర్తుగా కట్టిన స్మారకం ఉన్నది. ఆ యుద్ధారంభంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గరే మునిగిపోయింది. అది ఎలా మునిగినదో మన కథనం వేరు, వారి కథనం వేరు. తొమ్మిదవ తరగతివారికి రెండు కథనాలనూ చెప్పి, సాక్ష్యమంటే ఏమిటో చర్చించమంటాను. అందులో మరణించినవారూ ఒక తల్లి బిడ్డలేనని కూడ చెబుతాను.

5. భాషాపాఠం. వెళ్ళేముందే ఒక పదపట్టిక తయారుచేస్తున్నాము. జల, అంతః, గామి అనే మూడు ముక్కలను కలిపి 'జలాంతర్గామి'ని పిల్లలే నల్లబల్ల మీద కట్టారు. విసర్గసంధి, సవర్ణదీర్ఘసంధి ఒకే మాటలో దొరికాయి. తమిళంలో దానిని 'నీర్‌మూళ్గి' అంటారని ఒక బాలుడు చెప్పాడు. నీటిలో మునిగేది! 'మూళ్గు', 'మునుగు' అక్కచెల్లెళ్ళ వలె ఉన్నాయి కదా అన్నాను. తరగతి అంతా నవ్వింది. రెండు భాషలు చదవడం బరువనుకొనే పిల్లలకు అది బలమని తెలిసిన క్షణమది.

ఒక ఉత్తరం

చివరగా ఒక సంగతి. అనుమతిపత్రాన్ని అచ్చు కాగితం మీద సంతకంగా కాక, ఇంటివారు తమ చేతితో తెలుగులో వ్రాసి పంపాలని కోరాను. ఇరవైయేడింటిలో తెలుగులో వచ్చినవి తొమ్మిది. తక్కినవి తమిళంలో, ఇంగ్లీషులో వచ్చాయి. తెలుగు మాట్లాడే ఇండ్లే, వ్రాయగల చేయి లేదు.

ఆ తొమ్మిదింటిలో ఒకటి ఒక అవ్వ చెప్పగా మనవరాలు వ్రాసినది. "మా పాప సముద్రం సూసి రావల్ల. నేను సూడలేదు. బద్రంగా పిల్సుకొని పొయ్యి, పిల్సుకొని రాండి" అని ఉన్నది. చదువుతుండగానే అలవాటు చొప్పున నా చేయి ఎర్రకలం మీదికి పోయింది. ఆ బాలిక ఎదురుగా నిలబడి, "తప్పులుంటే మళ్ళా రాసుకొనొస్తా సార్" అన్నది.

ఎన్ని సంవత్సరాలుగా ఇటువంటి వాక్యాలను కొట్టివేశానో తలచుకొంటే మనస్సు చివుక్కుమన్నది. పుస్తకభాష నేర్పవలసిందే, పరీక్షకు అది కావాలి. కాని ఇంటిమాట తప్పు అని ప్రతిదినం చెబుతూ పోతే, బిడ్డ పుస్తకభాష నేర్చుకోదు, తెలుగునే వదలివేస్తుంది. కలం మూసి జేబులో పెట్టుకొని, "తప్పేమీ లేదమ్మా, అవ్వకు నా నమస్కారం చెప్పు" అన్నాను. ఆ ఉత్తరం అలాగే దస్త్రంలో ఉన్నది.

కనుక ఉపాధ్యాయులకు నా విన్నపం. యాత్రకు వెళ్ళినా వెళ్ళకున్నా, ఇంటినుండి ఒక్క ఉత్తరం తెలుగులో తెప్పించండి. దానిని దిద్దకండి. తల్లిదండ్రులకు నా విన్నపం. వ్రాయడం రాకపోతే మీరు చెప్పండి, మీ బిడ్డ వ్రాస్తుంది. నా కుమారుని విషయంలో నేను పోగొట్టుకొన్న అరగంట ఇంకా మీ చేతిలో ఉన్నది.

విశాఖలో దిగగానే పిల్లలతో వ్రాయించవలసిన మొదటి జాబు ఆ అవ్వకు. సముద్రం ఎలా ఉన్నదో ఆమెకు చెప్పాలి. ఎవరు చదివి వినిపిస్తారని అడిగితే, వీధిలో ఇంకొక బిడ్డ తెలుగు చదువుతున్నదని ఆ బాలిక చెప్పింది.

ఇట్లు,
హోసూరు నుండి ఒక తెలుగు ఉపాధ్యాయుడు