రాస్ వెనకున్న మాన్సన్

రెజిమెంటల్ బజార్ మీదుగా వెళ్లినప్పుడల్లా సికింద్రాబాద్ పటాలంలో డాక్టరుగా పనిచేసిన రొనాల్డ్ రాస్ గుర్తొస్తారు. 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టింది ఆయనే. నాకు మాత్రం లండన్‌లోని ఆయన గురువు పాట్రిక్ మాన్సన్ మీద ఇంకా గౌరవం. 1894లో ఆ క్రిమిని సూక్ష్మదర్శినిలో చూపించి, రాస్‌కున్న అనుమానం తీర్చింది ఆయన. తర్వాత ఏళ్ల తరబడి ఉత్తరాలతో వెన్నుతట్టారు. దోమలు చచ్చిపడిన నీళ్లు తాగితే మలేరియా వస్తుందన్న ఆయన ఊహ తప్పే. అయినా శిష్యుడి వెతుకులాటను ఆగనివ్వలేదు. 1898లో ఎడిన్‌బరో వైద్యుల సభలో రాస్ ఫలితాలను రాస్ పేరుతోనే వినిపించారు. కొత్తగా చేరినవాళ్ల పనిని వాళ్ల పేరుతోనే పైవాళ్లకి చెప్పే సీనియర్ దొరకడం ఎంత అదృష్టమో! నాకు అలాంటి సార్ ఒకరు దొరికారు. సాయంత్రం ఆయనకి ఫోన్ చేయాలి.