అద్దెయిల్లు – అత్తగారు

ఉపాధ్యాయుని జీతముతో హైదరాబాదు పడమటి శివారున అద్దెయిల్లు కుదుర్చుకొనుట యెంత కష్టమో వెదకినవారికే యెఱుక. మాదాపూరున 1998లో సైబర్ టవర్సు వెలసినది. 2003లో లింగంపల్లికి ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు వచ్చినవి. ఉద్యోగుల రాకతో అద్దెలును మిన్నంటినవి.

మేము లింగంపల్లి వీధులన్నియు మూడు వారములు తిరిగితిమి. ఒకచోట అద్దె మా శక్తికి లోబడియే యుండెను. కాని యింటి యజమానురాలు మా యత్తగారిని చూచి, “పెద్దవారున్నచో ఈయలేమండీ. ఇంట అనుకొననిదేదైన జరిగిన మాకు కీడు” అనెను. మేము మాఱుపలుకక మరలితిమి. దారిపొడవున అత్తగారు నోరు మెదపలేదు. తల్లికి చోటులేని యిల్లు ఉచితముగా నిచ్చినను ప్రియమే కదా!

తుదకు స్టేషనుకు 3 కిలోమీటర్ల దూరమున రెండుగదుల పాతయిల్లు దొరకినది. అద్దెతోపాటు నీళ్ల ట్యాంకరు, కరెంటు, రాకపోకల ఖర్చులును కూడి చూచుకొంటిమి. కరారును వాడుక చొప్పున 11 నెలలకు వ్రాయించితిమి. అడ్వాన్సు తిరిగి యిచ్చు గడువును అందు చేర్పించితిమి.

ఇల్లు వెదకు సోదరీమణులు ఇంటనున్న పెద్దలనుగూర్చి ముందే చెప్పి, పిమ్మట అద్దె యడుగుట మేలు. కాళ్ల తిప్పట తగ్గును. పెద్దల మనసును నొవ్వదు.