బ్రేక్ ఆయిల్‌లో ఔచిత్యం

అలంకారశాస్త్రం బోధించేటప్పుడు ప్రతి సంవత్సరం క్షేమేంద్రుని పేరు చెబుతాను. 11వ శతాబ్దపు ఆ కాశ్మీర పండితుడు ‘ఔచిత్యవిచారచర్చ’ అనే గ్రంథంలో కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని నిరూపించాడు. ఎంత గొప్ప అలంకారమైనా తనది కాని చోట దోషమే అవుతుంది. ఈ మాట ఎన్నో తరగతులలో చెప్పాను, దానిపై ఎన్నో జవాబులు దిద్దాను. కాని అది నిజంగా నాకు బోధపడినది నిరుటి వేసవిలో, మండపేటలోని ఒక మోటారు షెడ్డులో.

మా మేనల్లుడికి హైదరాబాదులో ఉద్యోగం. ఒకరు వాడిన పోలో జీ.టీ. కారు ముచ్చటపడి కొన్నాడు. చూపుకు చిన్నదే గాని 105 అశ్వశక్తి గలది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990లో ప్రారంభమైన మోటారు పందేల ట్రాక్ ఉన్నది. ఔత్సాహికులకు అవకాశం ఇచ్చే రోజున అక్కడ తన కారు నడపాలని వాడి కోరిక. దానికి ముందు బ్రేక్ ఆయిల్ మార్చుకోవాలి. సెలవులకు కపిలేశ్వరపురం వస్తూ రెండు డబ్బాలు తెచ్చాడు. ఒకదానిమీద ‘డాట్ 4’ అనీ, రెండవదానిమీద ‘డాట్ 5’ అనీ ఉన్నది.

“మామూ, ఏది పోయించమంటారు?” అన్నాడు.

“నాలుగుకంటె అయిదు పెద్దది గదా!” అన్నాను తడుముకోకుండా. తెలియదు అనే మాట అధ్యాపకుని నోట అంత సులభంగా రాదు.

షెడ్డులోని పెద్దాయన నా సలహా విని నవ్వి, కారు బానెట్ ఎత్తి ఒక చిన్న మూత చూపించాడు. “మాస్టారండీ, దీనికేం కావాలో దీని మూతమీదే రాసుందండి. డాట్ 4. అయిదో నంబరుది దీని చుట్టం కాదండి, పోస్తే పాడైపోద్దండి.”

ఆయన చెప్పినదానిని తరువాత పుస్తకాలతో సరిచూసుకున్నాను. అంతా నిజమే. మనం పెడల్ తొక్కినప్పుడు ఆ ఒత్తిడిని చక్రాల దాకా మోసుకుపోయేది ఈ ద్రవమే. ద్రవం నొక్కుడుపడదు కనుకనే బ్రేకు పడుతుంది. కాని వేగంగా పోయే బండిని ఆపితే ఆ వేగమంతా వేడిగా మారుతుంది. వేగం రెండింతలైతే వేడి నాలుగింతలు. ఆ వేడికి ద్రవం మరిగితే ఆవిరి పుడుతుంది. ఆవిరి దూదివలె నొక్కుకుపోతుంది. అప్పుడు పెడల్ నేలకు తాకుతుంది గాని బండి ఆగదు.

‘డాట్’ అనేది అమెరికా రవాణా శాఖ పేరులోని పొడి అక్షరాలు. ఆ ప్రమాణం ప్రకారం డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకూ, డాట్ 4 కనీసం 230 డిగ్రీల వరకూ మరగకూడదు. డాట్ 5, డాట్ 5.1 రెండింటికీ ఆ హద్దు 260. అంకెలు చూస్తే నా సలహాయే ఒప్పనిపిస్తుంది. కాని 3, 4, 5.1 గ్లైకాల్ జాతివి, 5 సిలికోన్ జాతిది. ఇవి ఒకదానితో ఒకటి కలవవు. సిలికోన్ తనలో సన్నని గాలిబుడగలను నిలుపుకొంటుంది కనుక నేటి కార్లలోని ఏ.బీ.ఎస్. యంత్రాంగానికి పనికిరాదు. 5కూ 5.1కూ మధ్య కనిపించేది ఒక చుక్క మాత్రమే, ఉన్నది మాత్రం జాతిభేదం.

మరొక సంగతి మన ప్రాంతానికి చెందినది. గ్లైకాల్ ద్రవం గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. సుమారు 3.7 శాతం నీరు చేరితే డాట్ 4 మరుగు హద్దు 230 నుంచి 155కు దిగుతుంది. ఒక వైపు గౌతమి, చుట్టూ కాలువలు, కొబ్బరితోటలు గల మన సీమలో గాలికి చెమ్మ కొదువా? ఉప్పు డబ్బా మూత మరచిపోతే ఏమవుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. కనుక ఏనాడో తెరచిన డబ్బాలోని ద్రవం, ఎంత ఖరీదైనదైనా, వాడరాదు. రెండేళ్లకొకసారి మార్చడం సాధారణ నియమం. పందెపు ట్రాక్‌కు పోయేవారు పోయే ముందే మార్చుకోవాలి. చివరకు మావాడి కారులోని పాత ద్రవమంతా తీసివేసి, సీలు విప్పని ఆ డాట్ 4నే పోశారు.

పని ముగిస్తూ పెద్దాయన, “అందరూ బ్రేక్ ఆయిల్ అంటారు గానీండి, ఇది ఆయిలే కాదండి. ఇందులో ఇంజనాయిల్ పడిందంటే రబ్బరు వాషర్లు ఉబ్బి చెడిపోతాయండి” అన్నాడు. నా చేతిలోని టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది.

1998లో నాకు పదేళ్లు. మాకు ఒక పాత అంబాసిడర్ కారు ఉండేది. ఒకనాడు డ్రైవరు సెలవులో ఉండగా బ్రేక్ ఆయిల్ తగ్గిందని అబ్బాజాన్ నన్ను బజారుకు పంపారు. ఆయిలింజన్ల సామాను అమ్మే దుకాణంలో “ఆయిల్” అని అడిగాను. విడిగా సీసాలో పోసి ఇచ్చారు. అదే తెచ్చి పోశాము. కొద్దిరోజుల తరువాత ఏటిగట్టు దిగుతుండగా బ్రేకు పడలేదు. డ్రైవరు కారును గడ్డిమేటులోకి తిప్పి మా ప్రాణాలు కాపాడాడు. అమ్మీజాన్ మణికట్టు విరిగింది. “బ్రేకు పడలేదండి సాయిబుగారూ” అని అతడు ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మలేదు. అజాగ్రత్త అన్నారు. మరునాడే పని మాన్పించారు. ఆ సీసా సంగతి ఎవరికీ తోచలేదు, తెచ్చిన నాకూ తోచలేదు.

మండపేట నుంచి తిరిగివచ్చాక అతని కోసం విచారించాను. అతడు చనిపోయి చాలాకాలమైందట. అబ్బాజాన్‌తో జరిగినది చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “పాపం, నిజమే చెప్పాడురా” అన్నారు.

విద్యార్థి మిత్రులారా, పేరులో ఆయిల్ ఉన్నదని పదేళ్ల వయసులో ఒకసారి పొరబడ్డాను. అంకె పెద్దదని నిరుడు మరొకసారి పొరబడబోయాను. మొదటిసారి నన్ను ఆపేవారు లేకపోయారు, ఆ శిక్ష మరొకరు అనుభవించారు. రెండవసారి తెలిసినవాడు పక్కన ఉన్నాడు. వస్తువు గొప్పదా అని అడిగే ముందు దీనికి తగినదా అని అడగండి. తెలియకపోతే తెలియదనండి. క్షమాపణ చెప్పవలసిన మనిషి లేడు కనుక ఈ మాట మీకు చెబుతున్నాను.