సెలవు

తెలుగులో "సెలవు" అనే మాటకు ఉన్నన్ని ముఖాలు తక్కువ మాటలకు ఉంటవి. పని లేని దినము సెలవు. విడిపోయే వేళ చెప్పేది సెలవు. పెద్దలు మాట్లాడితే సెలవిచ్చినారు అంటారు. పాత లెక్కలలో వ్యయమైన సొమ్మును సైతం సెలవు అనే వ్రాసేవారు. హిందీవారి "ఛుట్టీ"లో కట్టు వదిలిపోయిన ధ్వని ఒక్కటే ఉన్నది. తెలుగు సెలవులోనో, ఇచ్చేవాడొకడు, పుచ్చుకొనేవాడొకడు ఎదురెదురుగా నిలిచి కనబడతారు. ఒకరు విశ్రమించడానికి మరొకరు ఏమి సెలవు చేస్తున్నారన్న ప్రశ్న ఆ మాటలోనే దాగి ఉన్నది.

శరదృతువులో ఊరు విడిచి, వంటమనిషితో, తోటమాలితో సహా ఒక ఇంటిని అద్దెకు తీసుకొని, కొన్నాళ్ళు సుఖంగా ఉండి రావడం ఈనాడు కరీబియన్ దీవులలో పెద్ద వ్యాపారం. అయితే ఛోటానాగపూర్ పీఠభూమికి ఈ ఆచారం కొత్తది కాదు. 19వ శతాబ్దం చివరినుండి 20వ శతాబ్దం సగం గడిచేవరకు, కలకత్తా బెంగాలీ కుటుంబాలు దుర్గాపూజ సెలవులు రాగానే పడమటి దారి పట్టేవి. వంగదేశపు పల్లపు నేలలలో వానకాలం వెళుతూ వెళుతూ మలేరియాను విడిచి వెళ్ళేది. గాలి మార్చుకొమ్మని వైద్యులు చెప్పేవారు. పొడిగాలికి, ఆకలి పుట్టించే బావినీటికి పేరుపడిన మధుపూర్, గిరిడీ, దేవఘర్, శిముల్‌తలా ఒక వైపు. కలకత్తానుండి నాగపూర్ వెళ్ళే రైలుదారిమీద గాలూడి, ఘాట్‌శిలా మరొక వైపు. ఆ దారిలోని కాలీమాటీ అనే చిన్న స్టేషను 1919లో టాటానగర్ అయినది. దానికి పడమట ఆదిత్యపూర్. ఆ తరువాతిది గమ్హరియా.

ఈ యాత్రికులను స్థానికులు "డాంచి బాబులు" అనేవారు. సంతలో కోడి ధర, గుడ్ల ధర వినగానే పట్టణపు బాబు ఆశ్చర్యంతో "డ్యామ్ చీప్" అనేవాడట. ఇంగ్లీషు రాని అమ్మకందారు చెవికి అది "డాంచి"గా వినబడి, బాబుకే పేరై నిలిచినది. నవ్వు పుట్టించే ముచ్చటే. కాని అందులో ఒక చురక కూడ ఉన్నది. ఒకడి ఏడాది కష్టం మరొకడి నోట ఒక్క మాటలో చవక అయిపోయినది. ఆ మాటనే కష్టజీవి తిరిగి బాబు మెడలో వేసినాడు.

ఆ ఇండ్ల యజమానులు చాలామంది కలకత్తాలో ఉండేవారు. తాళపుచెవి మాలీ దగ్గర ఉండేది. పెరటి వైపు ఒక చిన్న గదిలో మాలీ, అతని భార్యాపిల్లలు సంవత్సరమంతా కాపురముండేవారు. వానకాలంలో కప్పు కారితే పెంకులు సర్దేది అతడే. పాములను వెళ్ళగొట్టేది అతడే. గులాబీ మొక్కలకు నీళ్ళు పోసేది అతడే. ఆశ్వయుజం వచ్చేసరికి పరుపుచుట్టలతో, పెట్టెలతో, పిల్లలతో కిరాయిదారులు దిగేవారు. బావినీరు తోడడం, పాలవానిని కుదర్చడం, కట్టెలు కొట్టడం మాలీ పని. గిన్నెలు, బట్టలు అతని భార్య పని. నెల తరువాత బక్షీసు ఇచ్చి బాబులు రైలెక్కితే, ఇల్లు మళ్ళీ అతని కాపలాలోకి వచ్చేది. పదకొండు నెలలు ఆ ఇంటిని బ్రతికించిన మనిషి, పన్నెండవ నెలలో ఆ ఇంటికే పరాయివాడు.

మరొక సంగతి. ఉత్తరాదివారి లెక్కలో కార్తికము, తెలుగువారి లెక్కలో ఆశ్వయుజము అయిన ఆ అమావాస్య వేళనే సింగ్‌భూమ్ పల్లెలలో సొహరాయ్, బాందనా పండుగలు వస్తవి. ఇంటి గోడలు అలికి, పశువులను కడిగి, కొమ్ములకు నూనె రాసి, రాత్రంతా పాటలతో వాటిని మేల్కొలిపే పండుగ అది. బాబులకు విశ్రాంతి దొరికే ఋతువు, మాలీకి తన ఇంట ఉండవలసిన ఋతువు ఒక్కటే అయినవి. దీనికి ఎవరి దుర్మార్గమూ కారణం కాదు. పంచాంగం ఒక్కటే, పనులు రెండు.

సునీల్ గంగోపాధ్యాయ నవల ఆధారంగా సత్యజిత్ రాయ్ 1970లో తీసిన "అరణ్యేర్ దిన్ రాత్రి" చిత్రం ఈ సంగతినే తాకినది. కలకత్తానుండి పలామూ అడవికి వచ్చిన నలుగురు యువకులు, ముందుగా అనుమతి లేకుండానే, చౌకీదారుకు లంచమిచ్చి విశ్రాంతి గృహంలో దిగుతారు. అతని భార్య జబ్బుతో మంచం పట్టి ఉన్నది. ఆ సంగతి వారికి పట్టదు. చివరకు అపర్ణ అనే యువతి, ఆ నలుగురిలో ఒకడైన అసీమ్‌ను వెంటబెట్టుకొనిపోయి, గదిలో పడి ఉన్న ఆ రోగిని చూపుతుంది. ఉపన్యాసమేమీ లేదు. చూపించడమే జరిగినది. ఇన్ని దినాలు తాను నిద్రించిన ఇంటిలో ఇంకొక సంసారం ఉన్నదని అసీమ్‌కు అప్పుడు తెలిసినది.

గమ్హరియాలో స్థిరపడిన ఒక తెలుగు వృద్ధునికి ఈ విషయం చిత్రం చూడకముందే తెలుసు. ఆయన తండ్రి శ్రీకాకుళం ప్రాంతంనుండి వలస వచ్చి, రైలుదారి మరమ్మతు ముఠాలో పనిచేసినాడు. 1960 తరువాతి కొన్ని సంవత్సరాలు వారి కాపురం ఘాట్‌శిలాలో. దసరా నెలలో ఆయన తల్లి ఒక డాంచి బంగళాలో గిన్నెలు తోమి, మసాలా నూరేది. ఆ ఇంటివారు కఠినులు కారు. పిల్లవానికి పాత ఉన్ని చొక్కా ఇచ్చినారు. పండుగనాడు పూరీలు, మిఠాయి సాలాకులో చుట్టి పంపినారు. కాని ఆమెను "మద్రాసీ" అని పిలిచేవారే గాని, పేరు అడిగినవారు లేరు. విజయదశమినాడు ఆమె ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటేది. చల్లారిన పూరీలు పిల్లవానికి అమృతం. తల్లి తిన్నదా లేదా అని అడగాలని ఆ వయస్సులో తోచలేదు.

తరువాత ఆయన చదువుకొని, ఆదిత్యపూర్ కార్ఖానాలలో ఉద్యోగం చేసి, గమ్హరియాలో చిన్న ఇల్లు కట్టుకొన్నాడు. కొడుకు టొరంటో వెళ్ళినాడు. తల్లి బంగళాలో పనిచేసిన సంగతి ఆయన కొడుకుకు ఎన్నడూ చెప్పలేదు. సిగ్గు అనుకోవచ్చు, కొడుకు మనస్సు నొప్పించకూడదన్న మమకారమూ అనుకోవచ్చు. రెండింటికీ మధ్య గీత గీయడం కష్టం.

2022 అక్టోబరులో ఆ కొడుకు తల్లిదండ్రులను బార్బడోస్ దీవికి తీసుకొని వెళ్ళినాడు. పడమటి తీరంలో ఒక విల్లాను వారానికి అద్దెకు తీసుకొన్నాడు. ఆ వ్యాపారపు పద్ధతి ఇది: డిసెంబరు మధ్యనుండి ఏప్రిల్ మధ్యవరకు చలిదేశాల ధనికులు వస్తారు, అప్పుడు అద్దె అధికం. జూన్‌నుండి నవంబరువరకు తుపానుల కాలం. కాబట్టి శరత్తులో అద్దె బాగా తగ్గుతుంది. అద్దెలోనే వంటమనిషి, ఇల్లు చూచే మనిషి, తోటమాలి చేరి ఉంటారు. వంటసరుకుల ఖర్చు అతిథిది. చివరి దినాన బక్షీసు ఇవ్వడం మర్యాద. తుపాను వస్తుందంటే అతిథి ప్రయాణం మానుకొంటాడు, లేదా విమానమెక్కి వెళ్ళిపోతాడు. పనివారు ఎక్కడికి పోతారు? వారి ఇండ్లు అక్కడివే. అద్దె తగ్గడానికి కారణమైన భయాన్ని భరించేది వారే.

ఆ ఇంట వృద్ధ దంపతులకు మొదటి రెండు దినాలు తోచలేదు. కాఫీ త్రాగిన కప్పు ఆమె కడగబోతే వంటమనిషి మృదువుగా అందుకొనేది. ఆయన పూలతోటలో తిరుగుతూ తోటమాలితో మాట కలిపినాడు. అతడు గయానానుండి పనికోసం వచ్చినవాడు. ముఖం చూస్తే సింగ్‌భూమ్ సంతలో ఎదురుపడిన మనిషివలె ఉన్నాడు. పూర్వులు ఇండియానుండి వచ్చినారని అతనికి తెలుసు. ఏ ఊరో, ఏ ఓడలోనో తెలియదు.

ఛోటానాగపూర్ మనిషి ఆ మాట తేలికగా వినలేడు. బానిసత్వం రద్దయిన తరువాత చెరకుతోటలకు కూలీలు కావలసివచ్చినప్పుడు, తోటల యజమానుల చూపు మొట్టమొదట పడినది ఈ పీఠభూమి మీదనే. ఇక్కడి కొండజాతులవారిని ఆనాటి కాగితాలు "ధాంగడులు" అని పేర్కొన్నవి. 1838లో కలకత్తానుండి విట్‌బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు బయలుదేరి మే 5న బ్రిటిష్ గయానా చేరినవి. అందులో ధాంగడులు అనేకులు. తరువాత గంగామైదానం నుండి భోజ్‌పురీ, అవధీ మాటలాడేవారు, మద్రాసు రేవునుండి తమిళులు, తెలుగువారు వెళ్ళినారు. 1917లో ఆ పద్ధతి ఆగేలోపల గయానాకు ఒక్కదానికే సుమారు 2,39,000 మంది చేరినారు. వారి ఒప్పంద పత్రాలలో పని గంటలు ఉన్నవి, కూలి ఉన్నది, సంవత్సరాల సంఖ్య ఉన్నది. పండుగలు మాత్రం వారు తమ మూటలలో పెట్టుకొని తీసుకొని వెళ్ళినవి. గయానాలో దీపావళి ఈనాడు ప్రభుత్వపు సెలవు. బార్బడోస్‌లో కాదు.

ఆ సంవత్సరం దీపావళి అక్టోబరు 24న వచ్చినది. ఆ దినం కూడా పని ఉన్నదా అని ఆమె భర్తచేత అడిగించినది. ఉన్నదన్నాడు తోటమాలి. పని చేయని దినానికి కూలి లేదని కూడా చెప్పినాడు. ఆ రాత్రి తండ్రి ఆ మాట కొడుకు దగ్గర ఎత్తినాడు.

"సెలవిస్తే అతనికే నష్టం, నాన్నా! మనలాంటి వాళ్ళం రాకపోతే ఈ నెలలో వీళ్ళకు పనే ఉండదు" అన్నాడు కొడుకు.

తండ్రి కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "నిజమే నాయనా. మీ నాయనమ్మ విషయంలోనూ అదే నిజం" అని మొదలుపెట్టి, ఘాట్‌శిలా బంగళా సంగతి అంతా చెప్పినాడు. అరవై సంవత్సరాలు చెప్పనిది చెప్పడానికి పావుగంట పట్టలేదు.

కొడుకు మాటలో అబద్ధం లేదు. డాంచి బాబులు రావడం తగ్గిపోయిన తరువాత ఎన్నో మాలీ కుటుంబాలకు నెల జీతమూ పోయినది, తల దాచుకొనే గదీ పోయినది. బంగళాలు కొన్ని కూలినవి, కొన్ని చేతులు మారినవి. వచ్చేవాడు పని తెస్తాడు. ఆ పని పండుగను తింటుంది. రానివాడు పండుగను మిగులుస్తాడు, పొయ్యిని ఆర్పుతాడు. ఈ ముడిని ఒక్క మనిషి దయతో విప్పలేడు. అయినా ఒక దినపు కూలి ఎంత? మరునాడు కొడుకు విల్లా వ్యవహారం చూచేవారికి ఫోను చేసి, తోటమాలి పండుగ దినపు కూలి తన లెక్కలో వేయమన్నాడు. ఇటువంటి కోరిక వారికి కొత్త. కొంత తర్జనభర్జన తరువాత ఒప్పుకొన్నారు.

తోటమాలి ఆ దినం ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళడానికి ఇల్లు సముద్రానికి ఆవల ఉన్నది. మధ్యాహ్నం వరకు నిద్రపోయినాడు. సాయంకాలం తన గది మెట్లమీద మట్టి ప్రమిదలు పెట్టి వెలిగించినాడు. వృద్ధురాలు వంటమనిషి అనుమతి అడిగి, ఆ వంటింటిలో పాయసం కాచినది. గిన్నె పట్టుకొని దంపతులు పెరటివైపు నడిచినారు. చెప్పులు మెట్ల క్రింద విడిచినారు. "లోపలికి రండి, అంకుల్! రండి, ఆంటీ!" అని అతడు ఉన్న ఒక్క కుర్చీ ఆమెకు వేసి, తాను గుమ్మంలో నిలిచినాడు. ఆ వారంలో వారు నిజంగా అతిథులైనది ఆ పది నిమిషాలే. మిగతా సమయమంతా వారు కిరాయిదారులు.

ఘాట్‌శిలాలో తల్లి ఇంటికి ఆ బంగళానుండి ఎవరూ వచ్చి కూర్చోలేదని ఆయనకు అప్పుడు జ్ఞాపకం వచ్చినది. కోపం రాలేదు. వచ్చి ఉంటే తల్లి ఎంత తొట్రుపడి ఉండేదో, ఎంత కాలం చెప్పుకొని ఉండేదో ఊహించుకొన్నాడు.

ఇంటిని అద్దెకు తీసుకోవచ్చును. ఆ ఇంటిలో పనిచేసేవారి గంటలనూ వెల కట్టి తీసుకోవచ్చును. లోకం ఆ ఏర్పాటుమీదనే నడుస్తున్నది. ఆ గంటల వెనుక ఉన్న మనిషి పంచాంగం మాత్రం అద్దె పత్రంలో చేరదు. దానిని అడిగి తెలుసుకోవలసినదే. సెలవు పుచ్చుకొనేవాడు సెలవు ఇవ్వడం కూడా నేర్చినప్పుడే ఆ మాట పూర్తి అవుతుంది.

గమ్హరియాలో వారి ఇంట గిన్నెలు తోమే స్త్రీ ఏటేటా సొహరాయ్‌కు మూడు దినాలు అడిగేది. ఇంటిలో పండుగ పని ఉన్నదని రెండు దినాలకు బేరమాడడం ఇల్లాలికి అలవాటు. 2023లో ఆమె అడగవలసిన అవసరం కలుగలేదు. వంటింటి గోడమీది క్యాలెండరులో మూడు తేదీల చుట్టూ ముందే ఎర్రగీత ఉన్నది. ఆ నెల జీతం తగ్గలేదు. మూడు దినాలూ గిన్నెలు ఆయన తోమినాడు.